జీబీఏకి (గేమ్‌బాయ్ అడ్వాన్స్) చవక ఫ్లాష్ కార్ట్: సూపర్‌కార్డ్ సరిపోతుందా, ఒమేగా డీఈ కొనాలా?

పటమట_కుర్రాడు:
గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్పీ ఉంది. ఫ్లాష్ కార్ట్ కావాలి, అదే ఎస్డీ కార్డులోంచి ఆటలు ఆడించే క్యాసెట్. ముందు పోకెమాన్ ఎమరాల్డ్ ఆడాలి. సూపర్‌కార్డ్ మినీ ఎస్డీ చవగ్గా వస్తోంది, ఈజీ-ఫ్లాష్ ఒమేగా డీఈ బాగా ఎక్కువ. ఇంకా ఖరీదైన ఎవర్‌డ్రైవ్ మన వల్ల కాదు. ఏది తీసుకోమంటారు?

అరండల్‌పేట_ఆర్కేడ్:
ఎమరాల్డ్ అన్నారంటే డీఈనే అండి. అసలు కార్ట్‌లో గడియారం చిప్ ఉంటుంది, సూపర్‌కార్డ్‌లో లేదు. ఆట నడుస్తుంది గానీ బెర్రీలు ఎదగవు, షోల్ కేవ్ అనే గుహలో ఆటుపోట్లు మారవు.

బెంజ్‌సర్కిల్_బ్రో:
బెర్రీలు ఎదగకపోతే కొంపలేం మునగవు. పోకెమాన్ ఫైర్‌రెడ్‌లో అసలు గడియారమే లేదు, జనం ఆడలేదా? దానికోసం అంత డబ్బు పోయాలా?

అరండల్‌పేట_ఆర్కేడ్:
గడియారం ఒక్కటే కాదు. చాలా ఆటలు కార్ట్‌ని 3/1 వెయిట్ స్టేట్‌తో, అంటే తక్కువసేపు ఆగుతూ వేగంగా చదువుతాయి. సూపర్‌కార్డ్ మెమరీ ఆ వేగం అందుకోలేదు కాబట్టి ఆట ఫైల్‌ని మార్చి (ప్యాచ్ వేసి) నెమ్మదిగా చదివిస్తారు. తెరమీద బొమ్మలు ఎక్కువైన చోట ఆట ఈడుస్తుంది. సేవ్ కూడా ముందు బ్యాటరీ మీద నిలిచే ఎస్‌రామ్ అనే మెమరీలోకి పోతుంది, అక్కడినుంచి ఎస్డీకి మనం రాయించాలి. మరిచిపోయి ఇంకో ఆట తెరిస్తే పాతది గోవిందా.

లక్ష్మీపురం86:
పాత ఒమేగాకీ సేవ్ ఎస్‌రామ్, బ్యాటరీయే. డీఈలో ఎఫ్‌రామ్, అది బ్యాటరీ లేకుండానే నిలిచే మెమరీ. బ్యాటరీ చచ్చినా గడియారం మాత్రమే ఆగుతుంది, సేవ్ పోదు. కొనేటప్పుడు పెట్టెమీద డీఈ అని ఉందో లేదో చూడండి.

బెంజ్‌సర్కిల్_బ్రో:
సేవ్ చేశాక రెండు మీటలు నొక్కడం కూడా కష్టమేనా? ప్రతి పోస్టులో ఖరీదైనదే కొనమంటారు. 2020 నవంబర్‌లో చైనా షాపింగ్ యాప్ అలీఎక్స్‌ప్రెస్‌ని ప్రభుత్వం ఆపేశాక ఇక్కడ అమ్మేవాళ్లు ఎంత చెబితే అంత. నాకైతే ఒకడు డీఈ అని చెప్పి పాత ఒమేగా అంటగట్టాడు. తిరిగి తీసుకోలేదు.

అరండల్‌పేట_ఆర్కేడ్:
అది అమ్మినవాడి మోసం, కార్ట్ తప్పు కాదు! ఇంత వాదిస్తున్నారు, ఆడేది ఎవరో అడిగారా?

పటమట_కుర్రాడు:
మా అక్క కొడుకు. నాలుగో తరగతి.

అరండల్‌పేట_ఆర్కేడ్:
సేవ్ గురించి నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది అందుకే. పిల్లాడు అన్నానికి పిలిస్తే టప్పున స్విచ్ కట్టేస్తాడు. మెనూకి వెళ్లి రాయించు అంటే వింటాడా?

బెంజ్‌సర్కిల్_బ్రో:
ముందే చెప్పొచ్చుగా. నేను పెద్దవాళ్లు ఆడతారనుకుని మాట్లాడుతున్నా. పిల్లాడికైతే డీఈనే. మనకైతే మాత్రం సూపర్‌కార్డ్ చాలు, ఆ మాట వెనక్కి తీసుకోను.

అరండల్‌పేట_ఆర్కేడ్:
యాక్షన్ ఆటలు ఆడేవాడికి చాలదు. ఈ మాట నేనూ వెనక్కి తీసుకోను.

లక్ష్మీపురం86:
మైక్రో ఎస్డీ 32 జీబీ చాలు, జీబీఏ ఆట ఒక్కోటి ఎక్కువలో ఎక్కువ 32 ఎంబీ. ఫ్యాట్32, క్లస్టర్ 32 కేబీ పెట్టి ఫార్మాట్ చేయండి. అంతకన్నా ముందు కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే కార్డు పరీక్షించే ప్రోగ్రామ్ నడపండి, నకిలీ కార్డులు ఎక్కువ. బూట్ కాకపోతే వెంటనే కార్ట్‌ని తిట్టకుండా, ఎస్పీ స్లాట్ పిన్నులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి చూడండి.

పటమట_కుర్రాడు:
డీఈ ఆర్డర్ పెడుతున్నా. డబ్బా ఫోటో అడిగాకే డబ్బు కడతా.