జ్వరం తగ్గట్లేదు, నడుం దగ్గర నల్ల పక్కు. ఏమై ఉంటుంది?

పల్నాటి_పిల్ల: అమ్మకి వారంగా జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు. డెంగీ, మలేరియా రెండూ నెగటివ్. ప్లేట్‌లెట్లు కాస్త తగ్గాయి. నిన్న స్నానం చేయిస్తుంటే లంగా బొందు కట్టుకునే చోట నల్ల పక్కు కనిపించింది. సిగరెట్‌తో కాల్చినట్టుంది, చుట్టూ ఎర్రటి అంచు. నొప్పి లేదట, దురదా లేదట. గేదెలకి రోజూ గట్ల మీద గడ్డి కోసుకొస్తుంది. పసుపు రాసి ఊరుకుంది.

వార్డు_సిస్టర్: స్క్రబ్ టైఫస్ కావచ్చమ్మా. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని నల్లి జాతి (మంచం నల్లి కాదు, మైట్) పిల్లపురుగు కుట్టిన చోటే ఆ పక్కు కడుతుంది. జ్వరం మాత్రం కుట్టిన 6 నుంచి 21 రోజుల లోపు వస్తుంది, అందుకే కుట్టిన సంగతి ఎవరికీ గుర్తుండదు. గజ్జల్లో బిళ్ళ కట్టిందేమో చూడండి. పక్కు గోకొద్దు, ఇవాళే డాక్టరుకు చూపించండి. దీనికి చేసే ఐజీఎం ఎలైసా అనే రక్తపరీక్ష మొదటి రోజుల్లో నెగటివ్ రావచ్చు. అనుమానం గట్టిగా ఉంటే డాక్టర్లు రిపోర్టు కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెడతారు.

నల్లమల_బాబాయ్: మా ఆయనకి ఎక్కడుందో తెలుసా? గజ్జల మడతలో! రెండు ఆస్పత్రులు తిరిగాం, చొక్కా విప్పించి చూసినవాళ్లే తప్ప అంతకు మించి ఎవరూ చూడలేదు. చంకలు, రొమ్ముల కింద, చెవుల వెనక, బొడ్డు, అన్నీ వెతకాలి. (ఐడీ మా వారిది, రాసేది నేను.)

కోనసీమ_కుర్రాడు: పక్కు కనపడకపోతే స్క్రబ్ కాదనుకోవచ్చా?

వార్డు_సిస్టర్: అనుకోకూడదు. చాలామందికి పక్కు అసలు ఉండదు. ఉంటే మన అదృష్టం, అంతే.

గొర్రెల_మంద: నల్ల పక్కు అంటే అన్నీ స్క్రబ్ కాదండోయ్. చచ్చిన గొర్రెను కోసినవాళ్లకి చేతి మీదో ముఖం మీదో ముందు కురుపులా లేచి, నీటి పొక్కై, నడుమ నల్లబడుతుంది. నొప్పి ఉండదు గానీ చుట్టూ వాపు బాగా ఉంటుంది. అది ఆంత్రాక్స్. గొర్రె సంగతి డాక్టరుకు మీరే చెప్పాలి, ఆయన అడగడు.

కోనసీమ_కుర్రాడు: మా తాత జ్వరానికి కారణం కూడా చర్మం మీదే దొరికింది. ఆయనకి బోదకాలు. అప్పుడప్పుడు చలిజ్వరం వచ్చి కాలు ఎర్రగా వాచి కాలిపోయేది. మేమంతా దోమల వల్లే అనుకునేవాళ్లం. పీహెచ్‌సీ డాక్టరమ్మ కాలి వేళ్లు విడదీసి చూపించింది, సందుల్లో పాసిపోయి తెల్లగా చర్మం లేచింది. సూక్ష్మజీవులు దూరేది అక్కడే అంది. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల మధ్య తడి లేకుండా తుడిచి, ఆవిడ ఇచ్చిన ఆయింట్‌మెంట్ రాస్తున్నాం. ఇప్పుడు జ్వరాలు బాగా తగ్గాయి.

షుగర్_మాస్టారు: కాలు ఎర్రబడితే ఆ అంచు వెంట పెన్నుతో గీత గీసి టైము రాయండి. గీత దాటిందా, గజ్జల వైపు ఎర్రటి చార పాకిందా, ఆస్పత్రికి పరుగే. షుగరున్నవాళ్లం తెల్లారేదాకా ఆగకూడదు.

ఆకుపసరు: పక్కు మీద సున్నం, బెల్లం పెడితే లాగేస్తుంది.

వార్డు_సిస్టర్: లాగేది ఏమీ లేదు సార్, జబ్బు అప్పటికే రక్తంలో ఉంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి.

పల్నాటి_పిల్ల: అమ్మకి డాక్సీ మొదలెట్టారు. రెండో రోజుకే జ్వరం దిగింది, ఇవాళ పెరుగన్నం అడిగి తింది. మా వదిన కూడా అదే గట్టున గడ్డి కోస్తుంది, ఇప్పుడు ఐదో నెల. తనకి జ్వరమొస్తే ఇదే మాత్రా?

వార్డు_సిస్టర్: కాదు, గర్భిణులకి సాధారణంగా అజిత్రోమైసిన్ ఇస్తారు. నెలల సంగతి ముందే చెప్పమనండి. అమ్మని మాత్ర నిండు గ్లాసు నీళ్లతో వేసుకోమనండి, వేసుకున్న వెంటనే పడుకోనివ్వొద్దు, గొంతులో మంట పుడుతుంది.