వెల్ష్ వాళ్ల విషం, మన మందు

బ్రిటన్‌లోని వేల్స్ వాళ్ల భాష వెల్ష్. అందులో విషాన్ని 'గ్వెన్విన్' అంటారు. మొదటిసారి చూసినప్పుడు పప్పులో కాలేశాను. ఆ భాషలో 'గ్విన్' అంటే తెలుపు, దాని స్త్రీలింగ రూపం 'గ్వెన్'. తెలుపు మీద తెలుపు, విషానికి ఇంత చక్కని పేరా అనుకున్నా. తీరా చూస్తే ఏ చుట్టరికమూ లేదు. ('గ్వెనిన్' అంటే తేనెటీగలు. అవీ కుట్టేవే కదా అని అతికించకండి, అదీ వేరే మాటే.)

అసలు మాట లాటిన్ 'వెనేనుమ్'. బ్రిటన్‌లో రోమన్ల ఏలుబడి క్రీ.శ. 43 నుంచి సుమారు 410 దాకా సాగింది. అప్పుడు అక్కడి భాషలో చేరిన లాటిన్ మాటలు చాలానే వెల్ష్‌లో మిగిలాయి. వాటిలో మొదటి వకారం 'గ్వ' అవుతుంది: ద్రాక్షసారా 'వీనుమ్' వెల్ష్‌లో 'గ్వీన్'. లాటిన్ దీర్ఘ 'ఏ' కాస్తా 'ఉయ్' అవుతుంది: చర్చి 'ఎక్లేసియా' అక్కడ 'ఎగ్లుయిస్'. ఈ రెండూ కలిస్తే మన గ్వెన్విన్.

నాకు నచ్చింది ఇంకా వెనక సంగతి. వెనేనుమ్‌దీ ప్రేమదేవత వీనస్ పేరుదీ ఒకే ధాతువు, దాని అర్థం కోరిక. కాబట్టి మొదట అది వలపు మందు అయి ఉంటుందని పండితుల ఊహ. తర్వాత ఏ మందుకైనా చెల్లింది. 2వ శతాబ్దపు రోమన్ న్యాయవేత్త గాయుస్, వెనేనుమ్ అన్నప్పుడు మంచిదో చెడ్డదో కూడా చెప్పాలన్నాడు, ఔషధాలూ అందులోకే వస్తాయి గనక. మన 'మందు' అచ్చం ఇంతే కదా! జ్వరానికి మందు, పురుగుల మందు, సాయంత్రం మందు, "ఆవిడేదో మందు పెట్టింది" అనే మందు. వెల్ష్‌కి మాత్రం చెడ్డ అర్థమే దక్కింది. పైగా గ్వెన్విన్‌కి ఓర్వలేనితనం, కుళ్లు అనే అర్థాలు కూడా ఉన్నాయి.

— మరి మన 'విషం' సంగతేంటండీ? లాటిన్‌తో బంధుత్వం ఉందా?

— ఉందండీ, కానీ వెనేనుమ్‌తో కాదు. సంస్కృత 'విష'కు తోబుట్టువు లాటిన్ 'వీరుస్', అంటే ఇప్పటి వైరస్. ఆ మాట వెల్ష్‌లోకి ఆధునిక కాలంలో 'విరుస్'గా వచ్చింది. ఈసారి వకారం 'గ్వ' కాలేదు, అలాగే ఉండిపోయింది. రాయడం మాత్రం ఇంగ్లీషు ఎఫ్ అక్షరంతో రాస్తారు, వెల్ష్‌లో దాని పలుకు 'వ'.