బ్రూక్లిన్‌లోని వైకాఫ్ ఇంటిని పీటర్ ఇల్లు అనవచ్చునా? 1652 అనే తేదీపై, వంశావళిపై చర్చ

పాతదస్తావేజు:
న్యూయార్క్ నగరం 1965 అక్టోబరులో రక్షిత కట్టడాల జాబితాను ప్రారంభించినప్పుడు అందులో మొట్టమొదట చేర్చినది బ్రూక్లిన్‌లో క్లారెండన్ రోడ్డు మీదున్న వైకాఫ్ ఇల్లు. దాని వయసును 1652 ప్రాంతం నుంచి లెక్కిస్తారు. ఆ తేదీ వంశీకుల అభిమానం వల్ల పుట్టిందే తప్ప దానికి ఆధారం లేదని ఇక్కడి సభ్యులొకరు అన్నందువల్ల ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

వైకాఫ్ కుటుంబానికి మూలపురుషుడైన పీటర్ క్లాసెన్ 1636 శరదృతువులో బయలుదేరిన ఓడలో 1637 వసంతానికి న్యూ నెదర్లాండ్ అనే డచ్చి వలస చేరాడు. అప్పటికి అతడు కుర్రవాడు. ఆమ్‌స్టర్‌డామ్ రత్నాల వర్తకుడు కిలియాన్ వాన్ రెన్సెలార్‌కు నేటి ఆల్బనీ దగ్గర విస్తారమైన భూములుండేవి. అక్కడ అతడు గడువు ఒప్పందం మీద పాలేరుగా పనిచేసి, గడువు తీరాక గ్రీట్యే వాన్ నెస్‌ను పెళ్లాడి, లాంగ్ ఐలండ్‌లో ఆనాడు న్యూ ఆమెర్స్‌ఫోర్ట్ అని పిలిచిన ఫ్లాట్‌లాండ్స్‌కు తరలి వచ్చాడు. 1655లో గవర్నర్ పీటర్ స్టైవెసాంట్‌కు అక్కడున్న పొలాన్ని, పశువులను చూసుకుంటానని ఒప్పందం రాసుకున్నాడు. 1687లో ఇంగ్లీషు రాజుకు విధేయత ప్రకటించినవారి పట్టికలో వైకాఫ్ అనే ఇంటిపేరుతో, ఈ దేశంలో 51 ఏళ్లుగా ఉంటున్నవాడిగా నమోదయ్యాడు. ఓడ ఎక్కిన ఏడాది నుంచి లెక్కిస్తే ఆ అంకె సరిగ్గా సరిపోతుంది. 1901 వరకు ఆ ఇల్లు కుటుంబం చేతుల్లోనే ఉంది. ఒకే చోట, ఒకే కుటుంబం ఇంతకాలం నిలిచిందనడానికి ఇన్ని కాగితాలు దొరుకుతుండగా ఆ తేదీని అభిమానమని కొట్టిపారేయడం న్యాయం కాదు.

కొలబద్ద:
పాతదస్తావేజు గారూ, మీరు చూపిన ప్రతి కాగితమూ మనిషి గురించినదే గాని ఇంటి గురించినది కాదు. 1655 నాటి ఒప్పందం వల్ల పీటర్ మరొకరి పొలం చూసేవాడని తెలుస్తుంది. ఇప్పుడు నిలబడి ఉన్న దూలాలను ఎవరు, ఏ ఏడాది ఎత్తించారన్న సంగతి అందులో లేదు. మొదటి ఇల్లు మట్టినేల, అద్దాల్లేని కిటికీలు, పక్కగోడలు లేని పెద్ద పొయ్యి ఉన్న ఒంటిగది అని చెబుతారు. మనకు కనబడుతున్నది 1740 ప్రాంతంలోనూ, 1819లోనూ పెరిగి, ఆ తరువాతా మార్పులు పొంది, 1982లో సందర్శకులకు తెరవక ముందు మళ్లీ బాగుచేయించిన కట్టడం. బయటికి వంపు తిరిగిన చూరును చూసి అందరూ డచ్చి ఇల్లు అంటారు. అయితే ఈ తరహా చూరు ఇంగ్లీషు పాలన వచ్చిన తరువాత, అంటే 18వ శతాబ్దంలోనే ఈ ప్రాంతంలో బాగా వ్యాపించింది.

దూలాల చెట్టు వలయాలను లెక్కపెడితే తేలిపోతుందని ఎవరైనా అంటారేమో. వలయాలు చెట్టును నరికిన కాలాన్ని చెబుతాయి. పాత కలపను కొత్త ఇంట్లో వాడుకోవడం ఆనాటి రైతులకు మామూలే కాబట్టి, ఒక దూలం వయసు ఇంటి వయసు కానక్కరలేదు. 'ఈ స్థలంలో 17వ శతాబ్దం నుంచి ఒక కుటుంబం నివాసం' అని రాస్తే నాకు అభ్యంతరం లేదు. 'పీటర్ ఇల్లు' అన్నప్పుడే ఇబ్బంది.

రారిటన్‌తీరం:
నేను న్యూజెర్సీలోని సోమర్‌సెట్ కౌంటీలో ఉంటాను. బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరాలయానికి వచ్చే మన తెలుగువారిలో చాలామందికి, దగ్గరలోని ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్‌లో 1730 ప్రాంతపు వైకాఫ్-గారెట్‌సన్ ఇల్లు ఉందని తెలియదు. పీటర్ సంతతిలోని కార్నీలియస్ శాఖ ఇక్కడి మిడిల్‌బుష్ పొలాల కోసం ఇటు వచ్చింది. అందుచేత బ్రూక్లిన్ ఇంటి తేదీ కంటే నాకు వంశావళి ప్రశ్నే ముఖ్యంగా తోస్తుంది. అమెరికాలోని వైకాఫ్‌లందరూ పీటర్ సంతతే అన్న మాట తరచుగా వినిపిస్తుంది. దాన్ని నమ్మే ముందు, 1664లో ఇంగ్లీషువారు వలసను స్వాధీనం చేసుకునే దాకా అక్కడి సామాన్యులలో చాలామందికి స్థిరమైన ఇంటిపేరు లేదని గుర్తుంచుకోవాలి. క్లాసెన్ అంటే క్లాస్ కొడుకు అంతే, కాబట్టి పీటర్ క్లాసెన్‌లు ఒకే ఊళ్లో ఇద్దరున్నా ఆశ్చర్యం లేదు. (వైకాఫ్ అనే పేరు ఎక్కడి నుంచి వచ్చిందన్న తగవు వేరే ఉంది, దాని జోలికి నేను పోను.)

మరి తోవ ఏదంటే చర్చి దస్త్రాలు. బ్రూక్లిన్‌లోని ఫ్లాట్‌బుష్‌లో బాప్తిస్మపు నమోదులు 1677 నుంచి దొరుకుతాయి. అందులో తల్లి పుట్టింటి పేరూ, సాక్షులుగా నిలిచిన బంధువుల పేర్లూ ఉంటాయి. డచ్చి స్త్రీలు పెళ్లయినా పుట్టింటి పేరు వదులుకునేవారు కాదు గనుక ఆడపిల్లల శాఖలను కూడా పట్టుకోవచ్చు. పైగా మన ఇళ్లలో మనవడికి తాత పేరు పెట్టినట్టే వారూ పెట్టేవారు: పీటర్ కొడుకుల్లో ఒకడు తండ్రివైపు తాత పేరుతో క్లాస్, మరొకడు తల్లివైపు తాత పేరుతో కార్నెలిస్. పదకొండు మంది పిల్లల్లో ఎవరి శాఖ ఎటు పోయిందో వెతికేవారికి ఈ ఆచారం ఒక సూచన మాత్రమే, రుజువు కాదు.

పాతదస్తావేజు:
రారిటన్‌తీరం గారి జాగ్రత్త అవసరమైనదే. వంశావళిని ఆశతో అల్లితే ఏమవుతుందో చూపడానికి, అదే డచ్చి వలసలో నివసించిన ఆనెకే యాన్స్ అనే స్త్రీ వారసుల కథ ఉండనే ఉంది. ఆమె ఒకప్పటి పొలం మన్‌హట్టన్‌లో ట్రినిటీ చర్చి ఆస్తిలో కలిసిపోయిందని, అది తమకు దక్కాలని ఎందరో తరతరాలుగా దావాలు నడిపి, చందాలు పోగేసి, చివరికి ఏమీ దక్కించుకోలేకపోయారు. వైకాఫ్ కుటుంబం 1937లో సంఘం పెట్టుకున్నది ఆస్తి కోసం కాదు. అమ్ముడుపోయిన ఇంటిని 1961లో తిరిగి కొని నగరానికి అప్పగించారు. ఆ శ్రమ వల్లనే కొలబద్ద గారికి కొలవడానికి దూలాలైనా మిగిలాయి! 'ప్రాంతంలో' అన్న మాట తేదీ పక్కన ఉన్నంతవరకు 1652ను నేను సమర్థిస్తూనే ఉంటాను.

మరోపేరు:
ఇంతసేపు పీటర్ రక్తసంబంధీకుల గురించే మాట్లాడుకున్నారు. బ్రూక్లిన్ ఉన్న కింగ్స్ కౌంటీలో 1790 జనాభా లెక్కల ప్రకారం 4,495 మందిలో 1,432 మంది బానిసలు. అంటే ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు. గోధుమ కోసిందీ, పశువులను మేపిందీ, ఆ వంపు చూరు కింద వంట చేసిందీ ఎవరో ఈ అంకెను బట్టి ఊహించవచ్చు. లాంగ్ ఐలండ్ డచ్చి కుటుంబాల చరిత్రను పీటర్ లాంటి పాలేరు కష్టపడి పైకొచ్చిన కథగా మాత్రమే చెబితే అందులో సగమే చెప్పినట్టు. అతడి ఒప్పందానికి ఒక గడువు ఉండింది, వీరికి లేదు.

వంశావళికి కూడా దీనితో సంబంధం ఉంది. విముక్తి పొందిన బానిసల్లో కొందరు యజమాని ఇంటిపేరునే పెట్టుకున్నారు. కనుక ఇంటిపేరును బట్టి సంతతిని తేల్చడం ఇక్కడ పొరపాటు. మగవారి వరుసలో మాత్రమే సాగే జన్యుపరీక్ష కూతుళ్ల శాఖలను ఎలాగూ చూపదు. ఆ బానిసల కుటుంబాలను వెతకడానికి ప్రత్యేకమైన కాగితాలున్నాయి. 1799 జూలై 4 తరువాత బానిస తల్లికి పుట్టిన పిల్లలు చట్టరీత్యా స్వేచ్ఛాపరులే అయినా, మగవారు 28 ఏళ్లు, ఆడవారు 25 ఏళ్లు వచ్చేదాకా తల్లి యజమానికి చాకిరీ చేయాలని న్యూయార్క్ చట్టం చెప్పింది. అందుకోసం యజమానులు ఆ పుట్టుకలను ఊరి గుమాస్తా దగ్గర నమోదు చేయించాల్సి వచ్చింది. ఆ నమోదుల్లో తరచుగా తల్లికి ఇంటిపేరుండదు, యజమానికి ఉంటుంది. బానిసత్వం పూర్తిగా రద్దయినది 1827లో.

కొలబద్ద:
మరోపేరు గారి మాటతో ఇంటి దగ్గర బోర్డు మీద ఏం రాయాలన్న ప్రశ్న మారిపోయింది. 1740, 1819 నాటి పెంపులు ఈ మనుషుల కాలంలోనే జరిగాయి కదా. పాతదస్తావేజు గారు 1652 పక్కన 'ప్రాంతంలో' అని ఉంటే చాలంటున్నారు. ఆ రెండు తేదీలు కూడా బోర్డు మీదికి వస్తే, వాటి పక్కన పని చేసినవారి ప్రస్తావన ఉంటే, మొదటి తేదీ విషయంలో నేను పట్టుబట్టను.

పాతదస్తావేజు:
రెండు తేదీలూ రావాలి, ఒప్పుకుంటాను. పీటర్ పేరు మాత్రం మొదటి వరుసలోనే ఉండాలి. 1655 ఒప్పందం చేతిలో ఉండగా అతణ్ణి కేవలం 'ఒక కుటుంబం' అనడం నాకు సమ్మతం కాదు.