లాక్‌డౌన్ రోజుల్లో ఆశను నిలబెట్టింది ఇంటి దినచర్యా, బయటి భరోసానా?

గుంటూరు ఉపాధ్యాయిని (చర్చాంశం ప్రతిపాదన)

2020 మార్చి 24 రాత్రి ప్రధానమంత్రి 21 రోజుల లాక్‌డౌన్ ప్రకటించారు. తెల్లవారితే శార్వరి నామ సంవత్సర ఉగాది. వేపపువ్వు కోసం బజారుకు వెళ్లడానికే జంకుతూ, పంచాంగ శ్రవణం టీవీలో విని సరిపెట్టుకున్న ఆ పండుగ రోజు నుంచి మే నెలాఖరు వరకు మన ఇళ్లలో జరిగినదాన్ని ఇప్పుడు తీరికగా ఆలోచించుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఏ ఇంట్లో రోజుకు ఒక క్రమం ఉన్నదో ఆ ఇంట్లో భయం తక్కువగా ఉన్నది. పదో తరగతి పిల్లల సంగతే తీసుకోండి. మార్చి నెలాఖరున మొదలు కావలసిన పరీక్షలు వాయిదా పడ్డాయి, బడి లేదు, మళ్లీ ఎప్పుడో చెప్పేవారు లేరు. సప్తగిరి ఛానల్లో పాఠాలు మొదలయ్యాక, ఆ వేళకు పుస్తకం పట్టుకుని కూర్చున్న పిల్లలు సాయంత్రం ఫోన్ చేసి సందేహాలు అడిగేవారు. అలా కూర్చోకుండా ఉండిపోయిన పిల్లలు పగలు నిద్రకూ రాత్రి మెలకువకూ అలవాటుపడి, క్రమంగా నాతో మాట్లాడటమే మానేశారు. పెద్దవాళ్ల విషయమూ అంతే. మార్చి 28 నుంచి దూరదర్శన్‌లో రామాయణం మళ్లీ వచ్చినప్పుడు ఎందరో వృద్ధులకు పొద్దున ఒక గంట, రాత్రి ఒక గంట ఎదురుచూడదగినవయ్యాయి. ఏప్రిల్ 2న భద్రాచలంలో భక్తులు లేకుండా జరిగిన సీతారాముల కల్యాణాన్ని టీవీలో చూస్తూ, ఇంట్లోనే పానకం కలుపుకున్నవారు ఊరట పొందారు. ఇవన్నీ కడుపు నిండినవారి కాలక్షేపాలనే విమర్శ నేను విన్నాను. దానితో నేను ఏకీభవించను. మీరు ఏమంటారు?

హైదరాబాద్ నిర్మాణ పనుల సూపర్‌వైజర్

ఉపాధ్యాయిని గారూ, మీరు చెప్పిన పిల్లల అనుభవాన్ని నేను కాదనను. కానీ దినచర్య వల్ల ఆశ పుట్టిందనడానికి నేను చూసినది సాక్ష్యం చెప్పదు.

నేను పనిచేసే చోట ఒడిశా, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కూలీలు రేకుల షెడ్లలో ఉండేవారు. వాళ్ల రోజుకు క్రమం లేదని ఎవరూ అనలేరు. తెల్లవారక ముందే లేచి, నీళ్లు పట్టుకుని, వంతులవారీగా వండుకుని, ఒకే గదిలో ఎనిమిది మంది సర్దుకుని పడుకునే మనుషులకు క్రమం నేర్పనక్కరలేదు. వాళ్లకు లేనివి రెండు: చేసిన పనికి కూలి, ఇంటికి వెళ్లే తేదీ. లాక్‌డౌన్ మొదట ఏప్రిల్ 14 వరకన్నారు, తర్వాత మే 3 అన్నారు, తర్వాత మే 17, ఆ తర్వాత మే 31. ప్రతి గడువు ముందూ మూటలు కట్టి, ప్రతి ప్రకటన తర్వాతా విప్పుకున్న మనిషి మనసు ఎలా ఉంటుందో నేను దగ్గర నుంచి చూశాను. కాంట్రాక్టరు ఫోన్ ఎత్తడు. మేస్త్రీ చేతిలో డబ్బు లేదు. ఊళ్లో భార్యకు ఏమని చెప్పాలో వీళ్లకు తెలియదు.

సాయం అసలే అందలేదని నేను అనను. తెలంగాణ ప్రభుత్వం ఆహార భద్రత కార్డు ఉన్నవారికి మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1500 రూపాయలు ఇచ్చింది. కార్డు లేని వలస కూలీలకు కూడా 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించింది. బియ్యం వచ్చిన సాయంత్రం షెడ్లలో మాటల తీరే మారిపోయింది. ఎవరో పాట కూడా అందుకున్నారు. కానీ పప్పు, నూనె, వంటగ్యాసు లేక కొద్ది రోజులకే ఆ ధైర్యం కరిగిపోయింది. ఏప్రిల్ 29న సంగారెడ్డి జిల్లా కంది దగ్గర ఐఐటీ నిర్మాణ పనుల్లో ఉన్న కార్మికులు జీతాలు ఇవ్వాలని, తమను ఊళ్లకు పంపాలని రోడ్డెక్కారు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హతియాకు దేశంలోనే మొదటి శ్రామిక రైలు సుమారు 1200 మందితో బయలుదేరింది. ఆ వార్త విన్న రోజు మా షెడ్లలో కనిపించిన వెలుగును అంతకు ముందు ఏ ఓదార్పు మాటా తేలేకపోయింది.

శ్రీకాకుళం మత్స్యకార కుటుంబం నుంచి

మా వైపు మగవాళ్లు చేపల వేటకు గుజరాత్ వెళ్లి వేసవికి తిరిగి వస్తారు. ఆ ఏడాది వేలమంది వేరావల్ రేవులోనే చిక్కుకుని, పడవల్లోనే తిని పడవల్లోనే పడుకున్నారు. ఒడ్డుకు దిగే వీలు లేక, మంచినీళ్ల కోసం, ఫోన్ చార్జింగ్ కోసం కూడా అవస్థపడ్డారు.

ఇంటి దగ్గర ఆడవాళ్లు ఏం చేశారో చెబితే ఈ చర్చకు పనికివస్తుందనుకుంటున్నాను. సాయంత్రం ఒకరి అరుగు మీద దూరదూరంగా కూర్చుని, ఎవరి ఫోన్‌కు కబురు వచ్చినా అందరికీ వినిపించేవారు. పడవలో ఒకరికి జ్వరమంటే అందరూ బెంగపడేవారు, తగ్గిందంటే అందరూ ఊపిరి పీల్చుకునేవారు. దీన్ని దినచర్య అంటారో, భరోసా అంటారో పెద్దలు తేల్చండి. నాకు మాత్రం ఆ రెంటినీ విడదీయడం సాధ్యం కావడం లేదు. చివరికి బస్సులు బయలుదేరాయన్న కబురు వచ్చింది. ఊరు చేరినవాళ్లను నేరుగా క్వారంటైన్‌కు పంపినా ఎవరూ గొడవ చేయలేదు, ఎందుకంటే అది ఎన్నాళ్లో ముందే చెప్పారు.

కరీంనగర్ ఆశా కార్యకర్త

కరీంనగర్‌లో మార్చి మూడో వారంలోనే ఇంటింటి సర్వే మొదలైంది, కాబట్టి మేము ఎన్నో గుమ్మాలు ఎక్కాము. మార్చి 22 సాయంత్రం 5 గంటలకు జనం మా కోసం చప్పట్లు కొట్టినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. తర్వాత కొన్ని వారాలకు అదే వీధిలో కొందరు మమ్మల్ని గేటు దాటి రానివ్వలేదు. భయం అలాంటిది. అయితే గుమ్మాల దగ్గర ఎక్కువమంది మమ్మల్ని అడిగింది జబ్బు గురించి కాదు, బీపీ బిళ్లలు ఎక్కడ దొరుకుతాయని, కాన్పు సమయానికి బండి వస్తుందా అని. ‘వస్తుంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని చెప్పగలిగిన రోజు నాకూ ధైర్యంగా ఉండేది.

గుంటూరు ఉపాధ్యాయిని

సూపర్‌వైజర్ గారూ, దినచర్య కావాలని కోరుకునేది ఇంట్లో అన్నీ అమరినవారేనన్న భావం మీ మాటల్లో ధ్వనించింది. దానికి జవాబు చెప్పకుండా ఉండలేను. మిర్చి యార్డు మూతపడి పని పోయిన తల్లులు నాకు ఫోన్ చేసి, ‘టీచరమ్మా, మా వాడికి రోజూ ఏదో ఒక పని చెప్పండి, వాడు ఊరికే కూర్చుంటే చూడలేకపోతున్నాను’ అనేవారు. వాళ్ల ఇళ్లలో బియ్యం గురించిన దిగులు ఉంది; దానితోపాటు పిల్లవాడి మనసు ఏమవుతుందోనన్న దిగులూ ఉంది. మొదటిది తీరేవరకు రెండోదాన్ని ఆపమని మనం చెప్పలేము. వాళ్ల పిల్లలకు స్మార్ట్‌ఫోన్ లేదు గనుక ఆన్‌లైన్ తరగతులు అందలేదు, టీవీ పాఠాలు మాత్రం అందాయి. పేద ఇంటికి దినచర్యను చేర్చాలన్నా బయటి ఏర్పాటు కావలసిందేనని నేను అంటున్నాను.

తేదీల విషయంలో మీ బాధ నాకు బాగా అర్థమవుతుంది. మా పిల్లలు జూన్ దాకా చదువుతూనే ఉన్నారు, ఆ నెలలోనే రెండు రాష్ట్రాలూ పరీక్షలు రద్దు చేశాయి. రద్దయిందని కొందరు సంతోషించారు. కష్టపడి చదివినవారిలో కొందరు ఏడ్చారు.

హైదరాబాద్ నిర్మాణ పనుల సూపర్‌వైజర్

ఆ తల్లుల మాట న్యాయమైనదే, టీచర్ గారూ. ఏది ముందు జరగాలన్న దగ్గరే నా వాదన నిలుస్తుంది. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమానికి అప్పట్లో 1996 చట్టాల కింద నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు, అంటే ఆ పని కోసమే వేసే ప్రత్యేక పన్ను, వసూలయ్యేది. 2020 మార్చిలో కేంద్రం ఆ నిధి నుంచి కార్మికుల ఖాతాల్లో డబ్బు వేయమని రాష్ట్రాలకు సూచించింది. కానీ అది పేరు నమోదైనవారికే చేరుతుంది, మా షెడ్లలో ఉన్నవారిలో నమోదైనవారు దాదాపు లేరు. ఇప్పుడు పనులు మామూలుగా నడుస్తున్నాయి, మనుషులు సైట్ల దగ్గరే ఉన్నారు. ప్రతి సైట్‌లోనూ పేర్లు రాయించే పని ఈ రోజుల్లోనే జరగాలి. మా సైట్‌లో ఆ ఫారాలు నింపడం మొదలుపెట్టాను; మేస్త్రీలకు ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు జిరాక్సులు తెమ్మని చెప్పాను. ఇక్కడ ఉన్నవారిలో ఎవరికైనా నమోదు పద్ధతి బాగా తెలిస్తే, వేరే రాష్ట్రం చిరునామా ఉన్నవారి విషయంలో ఏ కాగితం అడుగుతున్నారో దయచేసి రాయండి.