నీట్ ఎండీఎస్: చివరి రెండు నెలల్లో పార్ట్ ఏ వదిలేయవచ్చా?

హౌస్‌సర్జన్_విజయవాడ:
పగలంతా ఓపీలోనే గడిచిపోతోంది. చదువుకు రాత్రి మూడు గంటలే మిగులుతున్నాయి. డెంటల్ పీజీ ప్రవేశ పరీక్ష నీట్ ఎండీఎస్‌లోని 240 ప్రశ్నల్లో 140 పార్ట్ బీవి. అందులో చాలావరకు నేను రోజూ చేతులతో చేస్తున్న పనులే. మిగతా 100 పార్ట్ ఏవి, వాటి కోసం మొదటి రెండేళ్ల అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ అన్నీ మళ్లీ తిరగేయాలి. వాటిని పైపైన చూసి, క్లినికల్ సబ్జెక్టులే గట్టిగా చదివితే సరిపోదా?

రెండో_ప్రయత్నం:
సరిపోతుందనే నేనంటాను. పోయినసారి చివరి నెలంతా బేసిక్ సబ్జెక్టులకే పెట్టాను. బ్రేకియల్ ప్లెక్సస్ (చేతికి వెళ్లే నరాల అల్లిక) నాలుగుసార్లు చదివినా పరీక్ష గదిలో కొమ్మలన్నీ కలగాపులగమయ్యాయి. ప్రోస్థో (కట్టుడు పళ్లు), ఆర్థో (పళ్ల వరస సరిచేయడం) ఒక్కసారే చూడగలిగాను. తెలిసిన ప్రశ్నలకు తప్పు జవాబులు పెట్టి వచ్చానన్న బాధ ఇప్పటికీ పోలేదు.

పెరియో_పీజీ:
మీ బాధ అర్థమైంది కానీ ఆ సలహా మాత్రం ప్రమాదకరం. ఒక్కో ప్రశ్నకు 4 మార్కులు. అంటే 960లో 400 పార్ట్ ఏవే. పైగా పార్ట్ ఏకు 75 నిమిషాలు, పార్ట్ బీకి 105 నిమిషాలు విడివిడిగా ఇస్తున్నారు. పార్ట్ ఏ గడువు ముగిశాక దానికి వెనక్కి వెళ్లే వీలుండదు.

అసలు ఈ రెండింటినీ వేర్వేరు గుట్టలుగా చూడడమే మనం చేస్తున్న పొరపాటు. పై దవడపన్ను దగ్గర చీము పట్టిన మనిషి మీ కుర్చీలో కూర్చున్నారనుకోండి. వాచిన చోటే మొద్దుబార్చే మందు లిగ్నోకెయిన్ ఇచ్చారు. పది నిమిషాలు ఆగినా పన్ను తాకగానే ఉలిక్కిపడుతున్నారు. ఎందుకు? ఆ మందు పీకేఏ (ఏ పీహెచ్ దగ్గర సగం అయానీకరణం చెందుతుందో ఆ అంకె) 7.9. చీము పట్టిన కణజాలంలో ఆమ్లత్వం పెరుగుతుంది కాబట్టి అయానీకరణం చెందని భాగం తగ్గిపోతుంది. నరం పొరను దాటగలిగేది ఆ భాగమే. లోపలికి వెళ్లాక సోడియం చానెల్‌ను పట్టుకునేది మాత్రం అయానీకరణం చెందిన రూపం. ఒక్క రోగితో ఫార్మకాలజీ, ఫిజియాలజీ రెండూ వచ్చేశాయి.

తర్వాత వచ్చిన మనిషికి దవడ కింద వాపు, కింది రెండో దవడపన్ను పుచ్చిపోయింది. దాని వేళ్ల కొసలు సాధారణంగా నోటి అడుగున ఉండే మైలోహయాయిడ్ కండరం అతుక్కునే గీతకు దిగువన ఉంటాయి. అందుకే నాలుక వైపు ఎముకను తొలుచుకున్న చీము దవడ కింద ఉండే సబ్‌మాండిబ్యులార్ స్పేస్‌లోకి దిగుతుంది. అనాటమీలో అయిదు మార్కుల కోసం బొమ్మ గీసి మరిచిపోయిన కండరం అది. వాపు రెండు పక్కలా పాకి నాలుక పైకి లేస్తే లుడ్‌విగ్స్ ఆంజైనా, ఊపిరికే ముప్పు. అక్కడి నుంచి మైక్రోబయాలజీలో వాయురహిత బ్యాక్టీరియా, ఫార్మకాలజీలో వాటిని చంపే మెట్రోనిడజోల్.

డెంటల్ మెటీరియల్స్ పార్ట్ ఏలో ఉందన్న సంగతి చాలామందికి గుర్తే ఉండదు. పళ్ల అచ్చు తీసే ఆల్జినేట్ త్వరగా గట్టిపడకుండా చల్లని నీళ్లతో కలిపిన ప్రతిసారీ, ట్రైసోడియం ఫాస్ఫేట్ అందులో ఎందుకుందో గుర్తు చేసుకోండి. రెండూ చేసేది ఆలస్యమే.

నేను ఇలాగే చదివాను. నోటుపుస్తకంలో ఎడమ పేజీలో ఆ రోజు చూసిన రోగి, కుడి పేజీలో ఆ రోగి వెనక ఉన్న బేసిక్స్. రోజుకు రెండు కేసులు, అంతకు మించి పెట్టుకోలేదు.

రెండో_ప్రయత్నం:
వినడానికి బాగుందక్కా. మరి బయోకెమిస్ట్రీలో యూరియా చక్రాన్ని (ఒంట్లో అమ్మోనియా యూరియాగా మారే వరసను) ఏ రోగితో ముడిపెట్టాలి?

పెరియో_పీజీ:
ఏ రోగితోనూ వద్దు. అక్కడ మీ మాటే నిజం. యూరియా చక్రం, బ్రేకియల్ ప్లెక్సస్ లాంటివి బట్టీ పట్టాల్సిందే. పొద్దున్నే ఇరవై నిమిషాలు, కాగితం మీద గీస్తూ, ప్రతిరోజూ. నెల చివర ఒకేసారి నాలుగుసార్లు చదివితే నిలవవు. అయితే బయోకెమిస్ట్రీ అంతా అలాంటిదే అనుకోకండి. విటమిన్ సి లేకపోతే కొల్లాజెన్‌లో ప్రోలిన్, లైసిన్‌ల హైడ్రాక్సిలేషన్ సరిగా జరగదు. స్కర్వీలో చిగుళ్లు వాచి రక్తం కారేది అందుకే. చిగుళ్ల వైద్యం (పెరియో) నా సబ్జెక్టే, నాకు పుస్తకం కంటే చిగుళ్లే బాగా నేర్పాయి.

హౌస్‌సర్జన్_విజయవాడ:
ఈ రోజు మధ్యాహ్నం కింది దవడ నరాన్ని మొద్దుబార్చడానికి నేనిచ్చిన బ్లాకు ఇంజెక్షన్‌లో నాలుక మొద్దుబారింది, కింది పెదవి మాత్రం మొద్దుబారలేదు. సూది లోతుకు వెళ్లలేదని సీనియర్ సరిచేశారు, నేను అక్కడితో వదిలేశాను. మీది చదివాక పుస్తకం తెరిచాను. నాలుకకు వెళ్లే లింగువల్ నరం, కింది పళ్లకూ పెదవికీ వెళ్లే ఇన్ఫీరియర్ ఆల్వియోలార్ నరానికి ముందు, లోపలి వైపున ఉంది. మందు అక్కడే ఆగిపోయిందన్నమాట. ఎడమ పేజీ రాసేశాను, కుడి పేజీలో ఆ రెండు నరాలూ ఉండే టెరిగోమాండిబ్యులార్ స్పేస్ బొమ్మ గీస్తున్నాను.