భద్రమైన అభ్యంగనానికి మా అబ్బాయికి ఏ పునీతుడి పేరు పెట్టమంటారు?

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు. మా పెద్దోడు ఈ ఏడాది భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్ అనే కతోలిక సంస్కారం) తీసుకోబోతున్నాడు. అందుకు ఒక పునీతుడి (సెయింట్) పేరు ఎంచుకోమన్నారు.

నాకైతే పునీత దేవసహాయం అంటే ప్రాణం. తిరువాంకూరు రాజుగారి కొలువులో ఉద్యోగి, భార్య ఉన్న సంసారి. 1745లో జ్ఞానస్నానం తీసుకున్నాడు. కులం చూడకుండా అందరితో కలిసిమెలిసి ఉన్నాడు. ఎన్ని హింసలు పెట్టినా విశ్వాసం వదల్లేదు, 1752లో కాల్చి చంపారు. 2022లో పోపుగారు పునీతుడిగా ప్రకటించారు. గురువు (ఫాదర్) కాదు, మఠవాసీ కాదు, మనలాంటి ఇల్లూ వాకిలీ ఉన్న మనిషి. అదే నాకు గొప్పగా అనిపిస్తుంది.

మా వాడు మాత్రం వేరే ప్రశ్న వేశాడు. వేదసాక్షి (విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్లు) కాకపోతే, ముందు ధన్యులుగా (పునీతులకు ముందు మెట్టు) ప్రకటించడానికి వాళ్లను వేడుకుంటే జరిగిన ఒక అద్భుతం, తర్వాత పునీతులు కావడానికి ఇంకొకటి చూస్తారు కదా. "మరి వేలూరు ఆసుపత్రి పెట్టిన ఐడా స్కడ్డర్ అమ్మ పునీతురాలు కాదా నాన్నా?" అన్నాడు. 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిందావిడ. మా చిత్తూరోళ్లకు జబ్బు ముదిరితే ఇప్పటికీ వేలూరే దిక్కు. ఆవిడ ప్రొటెస్టెంటు, కాబట్టి మన కతోలిక పునీతుల జాబితాలో ఉండదని చెప్పాను. వాడికి ఆ జవాబు చాల్లేదు, నిజానికి నాకూ చాల్లేదు.

అద్భుతం అంత ముఖ్యమెందుకో పదమూడేళ్ల పిల్లాడికి అర్థమయ్యేలా ఎలా చెప్పాలి? మీకిష్టమైన పునీతులెవరు, ఎందుకిష్టం? సంసారుల్లో ఇంకెవరున్నారో కూడా దయచేసి చెప్పండి.