తొలినాటి హాస్టల్ బడి స్టీల్‌బ్యాండ్ (ట్రినిడాడ్, 1950లు): పీపాలు, శ్రుతి, సాధన - చర్చ

రేకునాదం
కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో ట్యూనపూనా ఊరికి ఎగువన కొండ మీద మౌంట్ సెయింట్ బెనెడిక్ట్ మఠం ఉంది. 1912లో మొదలైంది. ఆ మఠం నడిపిన అబ్బే స్కూల్ లాంటి హాస్టల్ బళ్లలో తొలినాటి స్టీల్‌బ్యాండ్‌ను (నూనె పీపాల రేకు మూతను స్వరాలుగా మలిచి వాయించే బృందం; ఆ వాయిద్యం పేరు పాన్) ఎలా నిలబెట్టేవారో ఒకచోట చేర్చాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ఇలాంటి బళ్ల జ్ఞాపకాల్లో పాటలు, వార్షికోత్సవాలు, ఫాదర్ల గద్దింపులు బోలెడు దొరుకుతాయి. వాయిద్యం సంగతే దొరకదు. ఎన్ని పీపాలు కావాలి, ఒక్కో దానిలో ఎన్ని స్వరాలు పట్టేవి, శ్రుతి ఎవరు చేసేవారు, ఏది ముందు చెడిపోయేది? 1950ల నాటి సంగతులు తెలిసినవాళ్లు రాయండి. ఇప్పటి పెద్ద ఆర్కెస్ట్రాల గురించి వద్దు.

సమ్మెట
ముందు లెక్క చూద్దాం. పదమూడు మంది పిల్లలతో చిన్న బ్యాండ్ అనుకోండి. రాగం వాయించే పింగ్‌పాంగ్‌లు నాలుగు (ఇప్పుడు టెనర్ పాన్ అంటున్నది ఇదే), ఆపైన వరుసగా కింది స్థాయి పాన్‌లు: సెకండ్ పాన్‌లు రెండు, గిటార్ పాన్‌లు రెండు, రెండు పీపాల చెల్లో ఒకటి, మూడు పీపాల బేస్ ఒకటి. ఇంతవరకు పదిమంది వాయిద్యగాళ్లు, పదమూడు పీపాలు. మిగిలిన ముగ్గురు లయకు. వీళ్లకు పీపాలు అక్కర్లేదు. పనిలో రేకు చిరిగి ఒకటి రెండు పోతాయి కాబట్టి పదిహేను పీపాలు తెచ్చుకోవాలి.

పీపా అంటే 55 గ్యాలన్ల నూనె డ్రమ్ము, దాదాపు 200 లీటర్లది. మూత అడ్డంగా సుమారు 57 సెంటీమీటర్లు, ఎత్తు 88 దాకా. ట్రినిడాడ్ చమురు దేశం, పైగా యుద్ధకాలంలో అమెరికన్ సైనిక స్థావరాలు ఉన్న దేశం, అందుకే ఖాళీ డ్రమ్ములకు కొదవ లేదు. అయితే దొరికినదల్లా పనికిరాదు. బిరడాలున్న పై మూతను వాడరు. కన్నాల దగ్గర రేకు సాగదు, అక్కడే చిరుగుతుంది. డ్రమ్మును తిరగేసి, అడుగు మూత మీదే పని చేస్తారు. తుప్పు చుక్కలున్నవి, అంచు దగ్గర సొట్టపడినవి పక్కన పెట్టేయాలి. లోపల నూనె గానీ రసాయనం గానీ మిగిలితే మంట మీద పేలే ప్రమాదం ఉంది. కాబట్టి కడిగి ఆరబెట్టనిదే నిప్పు దగ్గరికి తీసుకెళ్లకూడదు.

లయకారి
సమ్మెట గారు లయను ఒక్క వాక్యంలో దాటేశారు! ఇంజిన్ రూమ్, అంటే లయ వాయిద్యాల జట్టు, లేనిదే ఆ బ్యాండ్ నడవదు. ముఖ్యమైనది ఐరన్. పాత కారు బ్రేక్ డ్రమ్మును ఒక చేత్తో పట్టుకుని, చిన్న ఇనుప కడ్డీతో కొడతారు. దాన్ని గట్టిగా బిగించి పట్టుకుంటే మోగదు, వేళ్ల మీద తేలికగా ఆనించాలి. పగులు ఉన్నది కంగుమనదు, చిటచిటలాడుతుంది. కొనేముందు దారానికి వేలాడదీసి ఒక్క దెబ్బ వేసి వింటే తెలిసిపోతుంది. ఐరన్ తోడుగా ఊపి మోగించే గిలక షాక్-షాక్, గీరే స్క్రాచర్, చర్మవాయిద్యం ఒకటి. పిల్లలు కొత్తవాళ్లైతే ఐరన్‌ను అందరికంటే స్థిరంగా ఉండే కుర్రాడికివ్వాలి, అల్లరివాడికి కాదు. తాళం పరుగెత్తిందంటే బేస్ వాయించేవాడు మూడు పీపాల మధ్య చేతులు తిప్పలేక ముందు దెబ్బతింటాడు.

పాన్‌పిపాసి
నాకు మేళకర్త రాగాలు తెలుసు, ఈ వాయిద్యం కొత్త. ఒకే రేకు మీద ఇన్ని స్వరాలు విడివిడిగా ఎలా మోగుతాయి? జలతరంగంలో కప్పుకో స్వరం ఉంటుంది, ఇక్కడ కప్పు ఒక్కటే కదా.

సమ్మెట
మంచి ప్రశ్న. పని వరుస చెబితే అర్థమవుతుంది.

మూత మీద సుద్దతో ఒకే కేంద్రం నుంచి వలయాలు గీసి, పిడి పొట్టిగా కోసిన సమ్మెటతో అంచు నుంచి లోపలికి గుండ్రంగా కొట్టుకుంటూ దించుతారు. దెబ్బ ఒకేచోట పడకూడదు. పిల్లలు చేసే తప్పు అదే: నడుమ ఎక్కువ కొడతారు, అక్కడ రేకు పలచబడి చిల్లు పడుతుంది. అంచుల మీద ఒక కర్ర అడ్డంగా పెట్టి లోతు కొలుస్తారు. తొలి పింగ్‌పాంగ్‌లు చాలా తక్కువ లోతువి. ఇప్పటి టెనర్ ఎనిమిది అంగుళాల దాకా దిగుతుంది. ఎంత లోతైతే అంత వైశాల్యం, అన్ని స్వరాలు. బేస్‌కు నాలుగు అంగుళాల లోపే చాలు, అక్కడ స్వరాలు పెద్దవి, కొద్దివి.

తర్వాత చిన్న సుత్తితో గిన్నె లోపల నునుపు చేసి, ఒక్కో స్వరానికి స్థలం గీసి, దాని చుట్టూ మొన అరగదీసిన పంచ్‌తో గాడి కొడతారు. ఈ గాడే మీ ప్రశ్నకు జవాబు. గాడి దగ్గర రేకు బిగువు మారుతుంది కాబట్టి ఒక స్వరం కంపనం పక్క స్వరంలోకి పూర్తిగా పారదు. గాడి లోపలి భాగాన్ని కొంచెం ఉబ్బుగా ఎత్తుతారు, మోగేది ఆ ఉబ్బు. గాడి మరీ లోతైతే రేకు తెగుతుంది, మరీ పైపైన ఉంటే రెండు స్వరాలు కలిసి గోల చేస్తాయి.

అప్పుడు పక్క రేకు కోసేస్తారు. పింగ్‌పాంగ్‌కు ఐదారు అంగుళాల పక్క చాలు. స్వరం దిగేకొద్దీ పక్క పొడవు పెరుగుతుంది. గిటార్, చెల్లోలకు అడుగున్నర దాకా ఉంచుతారు, బేస్‌కు మొత్తం పీపా. పింగ్‌పాంగ్ పక్కను పొడుగ్గా వదిలేస్తే పై స్వరాలు మూసుకుపోయినట్టు వినిపిస్తాయి.

ఆపైన మంట. బోర్లించి, పాత టైర్లు లేదా కట్టెల మంట మీద కొన్ని నిమిషాలు కాల్చి, రేకు నీలి రంగుకు తిరగగానే దించుతారు. సమ్మెట దెబ్బలతో లోపల పోగైన ఒత్తిడి కొంత వదులుతుంది, అదే సమయంలో ఉక్కులోని కార్బన్ సర్దుకుని రేకు గట్టిపడుతుంది. వేడి 300 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఉండాలి. ఎక్కువ కాలిస్తే మెత్తబడి స్వరం నిలవదు. తక్కువైతే శ్రుతి చేసిన వారానికే జారిపోతుంది.

మంద్రస్థాయి
శ్రుతి దగ్గరే అసలు తేడా. కింది నుంచి కొట్టి ఉబ్బు ఎత్తడం, పై నుంచి కొట్టి దించడం, అంచుల దగ్గర బిగువు సవరించడం: ఒక స్వరానికి ఇలా పదులసార్లు చేయాలి. పక్క స్వరం ముట్టుకోగానే ముందుది కదులుతుంది, మళ్లీ వెనక్కి రావాలి. బడికి ఉన్న గొప్ప వసతి పియానో. పాన్‌ను పియానో ఉన్న హాలులోకి తెచ్చి, మీట నొక్కి పోల్చుకుంటే బ్యాండంతా ఒకే శ్రుతిలో పడుతుంది. ఆ పియానోనే దిగి ఉంటే బ్యాండంతా దిగుతుంది. లోపల దానికదే బాగుంటుంది గానీ బయటి వాయిద్యంతో కలవదు.

తొలి పాన్‌లలో ట్యూనర్లు (పాన్ చేసి శ్రుతి పెట్టేవాళ్లు) ఎక్కువగా మూలస్వరాన్నే చూసేవారు. అందుకే పాత ధ్వనిలో ఒక పొడి, ఇనుప కంగు ఉంటుంది. ఒక్కో స్వరంలో పైస్థాయి తోడుస్వరాన్ని కూడా శ్రుతి చేసే పద్ధతిని బెర్టీ మార్షల్ లాంటి ట్యూనర్లు తర్వాత పట్టుదలగా ముందుకు తెచ్చారు. నేటి చెవితో పాత బడి రికార్డింగు విని "అపస్వరం" అనేయకండి, అది ఆ కాలపు పనితనం.

ఇక బేస్. తొలి రోజుల్లో బిస్కెట్ డబ్బాలు, కాస్టిక్ సోడా డ్రమ్ములతో చేసిన బూమ్‌లలో (అప్పటి బేస్ పేరు) రెండు మూడు స్వరాలే పట్టేవి. పాట ఏ శ్రుతికి మారినా బూమ్ మాత్రం తన రెండు స్వరాల దగ్గరే ఉండిపోయేది. 1951లో బ్రిటన్ ఉత్సవానికి టాస్పో (ట్రినిడాడ్ ఆల్ స్టీల్ పెర్కషన్ ఆర్కెస్ట్రా) బృందం లండన్ వెళ్లినప్పుడు, దాని నాయకుడు లెఫ్టినెంట్ జోసెఫ్ గ్రిఫిత్ బేస్‌కు పద్నాలుగు స్వరాలు కావాలన్నారు. ఒక పీపాలో పట్టవంటే మూడు పీపాల్లో పెట్టమన్నారు. పూర్తి 55 గ్యాలన్ల పీపాల బేస్‌కు దారి అలా పడింది. ఎల్లీ మానెట్, టోనీ విలియమ్స్, స్ప్రీ సైమన్, స్టెర్లింగ్ బెటన్‌కోర్ట్ ఆ బృందంలోనివాళ్లే. సమ్మెట గారు పై లెక్కలో మూడు పీపాల బేస్ పెట్టారు కదా, అది 1951 తర్వాతి బ్యాండ్ లెక్క. అంతకు ముందుదైతే ఒక్క బూమ్ అనుకోవాలి.

రేకునాదం
మంద్రస్థాయి గారూ, ఇది చాలా పనికొచ్చే సంగతి. పాన్ వాయించే పుల్లల సంగతి కూడా ఎవరైనా చెప్పండి. బడిలో సగం నష్టం అక్కడే జరుగుతుందని నా అనుమానం.

లయకారి
అనుమానం నిజమే. పింగ్‌పాంగ్ పుల్ల ఆరేడు అంగుళాలు. సైకిల్ ట్యూబును సన్నని పట్టీలుగా కోసి, సాగదీస్తూ కొనకు చుట్టాలి. వదులుగా చుడితే ధ్వని చప్పబడుతుంది, మరీ పలచగా చుడితే కర్ర రేకుకు తగులుతుంది. కర్ర తగిలిన ప్రతి దెబ్బా ట్యూనర్ సుత్తి దెబ్బలాంటిదే, స్వరాన్ని కదిలిస్తుంది. పుల్లకు రబ్బరు చుట్టే అలవాటు ఎల్లీ మానెట్‌తో వచ్చిందంటారు. సెకండ్, గిటార్ పాన్‌లకు రబ్బరు మందం పెరుగుతుంది. బేస్‌కు స్పాంజి బంతికి కన్నం చేసి అడుగు పొడవు కర్రకు గుచ్చుతారు. పింగ్‌పాంగ్ పుల్లతో బేస్ కొడితే మూలస్వరం లేవదు, పైపై టంగుమనే మోతే వినిపిస్తుంది. చాలామంది దాన్ని శ్రుతి లోపం అనుకుని ట్యూనర్‌ను పిలిపిస్తారు.

ప్రతి సాధనకు ముందు పుల్లలన్నీ ఒకరు చూసి, రబ్బరు విప్పుకున్నవి పక్కన పెట్టాలి. హాస్టల్లో ఈ పని ఒక కుర్రాడికి అప్పగిస్తే చాలు, ఏడాదికి ఒక ట్యూనింగు ఖర్చు మిగులుతుంది.

పాన్‌పిపాసి
పాఠం ఎలా చెప్పేవారు? స్టాఫ్ నొటేషన్ చూసా?

మంద్రస్థాయి
నొటేషన్‌తో కాదు, ఎక్కువగా చూసి, విని. స్వరాల మీద సుద్దతో లేదా రంగుతో అక్షరాలు రాసేవారు. నేర్పేవాడు రెండు చరణాల ముక్క వాయించి చూపిస్తాడు, పింగ్‌పాంగ్‌లు పట్టుకుంటాయి. తర్వాత సెకండ్‌లకు కింది రాగం, ఆ తర్వాత గిటార్‌లకు స్ట్రమ్, అంటే తాళం ఎదురు దెబ్బల మీద పడే స్వరకూటం. బేస్‌ను ఆఖరున నేర్పితే పాట మొత్తం వదులుగా తయారవుతుంది. రాగం రాగానే బేస్ కూర్చోబెట్టి, దాని మీద మిగతావి పేర్చడం మేలు. నిలిచే స్వరం కావాలంటే రెండు పుల్లలతో వేగంగా మార్చి మార్చి కొట్టాలి. దీన్ని రోల్ అంటారు. కొత్తవాళ్లు రోల్‌లో బలం పెంచుతారు, పెంచాల్సింది వేగం.

ఒక చిక్కు ఉంది. ఆ రోజుల్లో స్వరాల అమరిక ట్యూనర్‌ను బట్టి మారేది. టోనీ విలియమ్స్ సాలెగూడు పాన్ నుంచి ఎదిగిన పంచమాల వలయం (ప్రతి స్వరం పక్కన దాని పంచమం వచ్చే గుండ్రటి అమరిక) తర్వాతే చాలావరకు ఒక దారిన పడింది. కాబట్టి నాలుగు పింగ్‌పాంగ్‌లూ ఒకే ట్యూనర్ దగ్గర చేయించాలి. వేరువేరు యార్డుల (బ్యాండ్‌లు పాన్‌లు చేసి సాధన చేసే ఆవరణలు) నుంచి తెస్తే ఒకరి చేతులు చూసి ఇంకొకరు నేర్చుకోలేరు, ఒకడికి జ్వరం వస్తే వాడి పాన్ మీద పక్కవాడు వాయించలేడు.

హాస్టల్ బడికి అన్నిటికంటే పెద్ద బెడద పరీక్షలు. స్కూల్ సర్టిఫికెట్ రాసి పెద్ద తరగతి ఒక్కసారిగా వెళ్లిపోతుంది, బేస్, మొదటి పింగ్‌పాంగ్ వాళ్లతోపాటే పోతాయి. కాగితం మీద ఏమీ లేదు కాబట్టి పాటలూ పోతాయి. అందుకే ప్రతి భాగాన్నీ ఒక చిన్న తరగతి కుర్రాడు పక్కన నిలబడి నేర్చుకోవాలి. ఒకే కప్పు కింద పడుకునే పిల్లలు కాబట్టి ఇది సాధ్యం, ఊళ్లో బడికి ఇది కష్టం.

సమ్మెట
దాచడం గురించి. పాన్‌లను ఒకదానిలో ఒకటి దోపి పేర్చకండి. పై దాని అంచు కింది దాని స్వరాల మీద కూర్చుంటుంది. సెలవులకు ముందు పొడిగుడ్డతో చెమట తుడిచి, పలచగా నూనె రాసి, గోడ మేకులకు విడివిడిగా తగిలించాలి. కొండ మీద మంచు తేమ, తీరంలో ఉప్పుగాలి, రెండూ తుప్పే. ఎండలో వాయించినప్పుడు రేకు వేడెక్కి స్వరం దిగుతుంది, అన్నీ ఒకే కొలతలో దిగవు. కార్యక్రమం మధ్యాహ్నమైతే పందిరి తప్పనిసరి. ఎండలో దిగిన పాన్‌ను అక్కడే సుత్తితో సవరిస్తే, రాత్రి చల్లబడ్డాక అది పైకి పోతుంది. చల్లబడేదాకా ఆగి వినాలి.

వేలాడదీసే కన్నాలు అంచుకు మరీ కింద పడితే పాన్ బోల్తా కొడుతుంది, ఎదురెదురుగా లేకపోతే ఒరుగుతుంది.

రేకునాదం
ఒక్కటి అడగాలి. ఈ బడి బ్యాండ్‌ల గురించి రాసేవాళ్లు "స్టీల్‌బ్యాండ్‌కు మర్యాద తెచ్చింది కాలేజీ కుర్రాళ్లు" అంటారు. ఇది ఎంతవరకు సరి?

మంద్రస్థాయి
సగమే సరి. 1940లలో పాన్ కొట్టేవాడంటే రౌడీ అనే పేరు, ఇంట్లో తన్నులు, వీధిలో పోలీసులు. 1949లో ప్రభుత్వం ఒక విచారణ సంఘం వేసింది, 1950లో స్టీల్‌బ్యాండ్ సంఘం ఏర్పడింది, 1951లో టాస్పో వెళ్లింది. సెయింట్ మేరీస్ కాలేజీ కుర్రాళ్లు ఎక్కువగా ఉన్న డిక్సీలాండ్, అమ్మాయిల గర్ల్ పాట్ లాంటివి ఆ తలుపు తెరుచుకుంటున్నప్పుడు వచ్చాయి. వాళ్ల వల్ల మధ్యతరగతి ఇళ్లలోకి పాన్ వెళ్లింది, ఒప్పుకోవాల్సిందే. కానీ పీపా దించి శ్రుతి చేయడం బడిలో ఎవరు నేర్పారు? రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని జాన్ జాన్, హెల్ యార్డ్, వుడ్‌బ్రూక్ పేటల్లో దెబ్బలు తిని ఆ పని కనిపెట్టినవాళ్లకే అది వచ్చు. బడి పత్రికల గ్రూప్ ఫోటోల్లో బ్యాండ్ పెట్టిన ఫాదర్ ఉంటాడు, కుర్రాళ్లుంటారు. ట్యూనర్ ఉండడు. ఏ బడి చరిత్ర రాసినా, దాని పాన్‌లు ఎవరి చేతిలో తయారయ్యాయో వెతికి ఆ పేరు రాయాలి. అది లేకపోతే ఆ చరిత్ర నాకు పూర్తయినట్టు అనిపించదు.

పాన్‌పిపాసి
భారతీయ సంతతి వాళ్లు ఇందులో ఉన్నారా? మద్రాసు ఓడల్లో వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు కదా.

లయకారి
ఉన్నారు. కూలి ఒప్పందం మీద వెళ్లినవాళ్ల వారసుల్లో తాషా అనే డోలు వాద్యం బలంగా నిలిచింది, పాన్‌లోకి కొంచెం ఆలస్యంగా వచ్చారు. పెద్ద పేరు జిత్ సమరూ. సంగీత కూర్పరిగా రెనిగేడ్స్ బ్యాండ్‌ను తొమ్మిదిసార్లు పనోరమా (ఏటా జరిగే స్టీల్‌బ్యాండ్ పోటీ) విజేతను చేశారు. ఆయన తెలుగు మూలాల వాడని అనుకోకండి, ఆ ముడి వేయడానికి ఆధారం లేదు. పైగా అదంతా తర్వాతి కాలం, ఇక్కడి విషయానికి వద్దాం.

సమ్మెట
పాత బడి ఫోటో దొరికితే కాలం అంచనా వేయడానికి ఈ చోట్ల చూడండి. పాన్ ఉబ్బు పైకి ఉందా, గిన్నెలా లోపలికి ఉందా: పైకి ఉంటే చాలా తొలినాటిది. మెడలో పట్టీతో వేలాడుతోందా, స్టాండు మీద ఉందా: మెడ పట్టీ ఒక్కటే కాలం చెప్పదు, ఎందుకంటే ఊరేగింపులకు తర్వాత కూడా అలాగే మోసేవారు. ఒక్కో కుర్రాడి ముందు ఎన్ని పీపాలున్నాయి: బేస్‌కు ఒకటే అయితే 1951కి ముందు పద్ధతి, మూడు నాలుగైతే తర్వాతిది. సెకండ్‌లు ఒంటివా, జంటవా: జంటవైతే ఇంకా తర్వాతిది. పుల్ల కొన నల్లగా లావుగా ఉంటే రబ్బరు చుట్టినది. ఫోటోను పెద్దది చేసి స్వరాల మీది అక్షరాలు చదవగలిగితే అమరిక తెలుస్తుంది, అమరిక తెలిస్తే ఏ యార్డు ట్యూనర్ చేతిపనో పట్టుకునే దారి దొరుకుతుంది. మంద్రస్థాయి గారు అడిగిన పేరుకు ముందు అక్కడ వెతకండి.

రేకునాదం
అక్షరాలు కనిపించే స్కాన్ ఎవరి దగ్గరున్నా ఇక్కడ పెట్టండి, 600 డీపీఐకి తగ్గకుండా. మనుషుల ముఖాలు కత్తిరించినా పర్లేదు, పాన్ లోపలి భాగం, పక్క రేకు పొడవు మాత్రం పూర్తిగా కనిపించాలి.